‘చిన్న కార్బ్ పని ఉంది, అంతే’ అని అమ్మే పాత స్పోర్ట్స్ బైక్‌లతో జాగ్రత్త

పాత స్పోర్ట్స్ బైక్ అమ్మకం ప్రకటనలో ‘చిన్న కార్బ్ పని ఉంది, మిగతాదంతా పర్‌ఫెక్ట్’ అన్న మాట కనిపిస్తే, అడ్వాన్స్ ఇవ్వకముందు ఇది చదవండి. ఆ మాట మీద కొన్న బండి ఇప్పుడు నా షెడ్డులో ఇంజన్ విప్పి ఉంది. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. కార్బ్యురేటర్లు (పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే పరికరాలు, ‘కార్బ్’ అంటే ఇవే) బాగుచేస్తామని తీసుకున్న వర్క్‌షాప్, ఉన్న జబ్బులకు తోడు కొత్తవి అంటించి పంపింది. ఇద్దరి పేర్లూ రాయడం లేదు. వాళ్లు ఏం చేశారో మాత్రం వివరంగా రాస్తాను. ఇవే పనులు ఇంకెవరైనా మీకూ చేయగలరు.

ముందు ఏ బళ్ల సంగతో చెప్పాలి. కార్బ్యురేటర్ల స్థానంలో ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా చిమ్మే పద్ధతి) రాకముందు వచ్చిన బళ్లివి. హోండా సీబీఆర్600ఎఫ్‌కు 2001 మోడల్‌తో ఇంజెక్షన్ వచ్చింది. యమహా ఆర్6, కవాసాకి జెడ్‌ఎక్స్-6ఆర్ 2002 దాకా కార్బ్యురేటర్లతోనే వచ్చాయి. సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్750 అయితే 1998కే ఇంజెక్షన్‌కు మారింది. అంటే ఈ తరం బండి ఏది కొన్నా దానిలోని రబ్బరుకు ఇరవై ఏళ్లు దాటినట్టే. ఇనుము తట్టుకుంటుంది. ఓ-రింగులు (కారకుండా ఆపే రబ్బరు చుట్లు), డయాఫ్రమ్‌లు (పలచటి రబ్బరు పొరలు), ఇంజన్‌కీ కార్బ్యురేటర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూట్లు తట్టుకోవు. నాలుగు సిలిండర్లకు నాలుగు కార్బ్యురేటర్లు ఒకే వరసలో బిగించి ఉంటాయి. వాటిని అందుకోవాలంటే ట్యాంక్ ఎత్తాలి, ఎయిర్ బాక్స్ తీయాలి, కొన్నిటికి ఫెయిరింగ్ కూడా విప్పాలి. ఆ ఓపిక లేకే చాలామంది పని చేయించకుండా బండినే అమ్మకానికి పెడతారు. అందులో తప్పేం లేదు. దాచిపెట్టి అమ్మడమే తప్పు.

నేను వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంది. ‘మీరొస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచానండీ’ అన్నాడు, మర్యాద చేసినట్టు. సెల్ఫ్ నొక్కగానే అందుకుంది. రేజ్ చేస్తే గుక్క తిప్పుకోకుండా పైదాకా వెళ్లింది. ‘ట్యాంక్ ఫుల్ చేసి ఇస్తున్నా, మీ అదృష్టం’ అని కూడా అన్నాడు. మరుసటి ఉదయం ఇంటి దగ్గర చోక్ లాగి ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా ఆ ఇంజన్ ఉలకలేదు, పలకలేదు.

వేడి ఇంజన్ చూపించడం వెనక ఉన్న కిటుకు ఇది. కార్బ్యురేటర్‌లో ఐడ్లింగ్‌కు (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ నెమ్మదిగా తిరగడానికి), కొద్దిపాటి యాక్సిలరేటర్‌కు పెట్రోల్ ఇచ్చేది పైలట్ జెట్. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బండి నెలల తరబడి నిలబడితే బౌల్‌లోని (కార్బ్యురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నెలోని) పెట్రోల్ ఆవిరైపోయి జిగురులా మిగులుతుంది. ఆ జిగురుకు మొదట మూసుకుపోయేది ఈ రంధ్రమే. ఎక్కువ యాక్సిలరేటర్‌కు పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ దానికంటే చాలా పెద్దది కాబట్టి అంత తేలిగ్గా పూడదు. అందుకే గట్టిగా రేజ్ చేసినప్పుడు బండి బ్రహ్మాండంగా అనిపిస్తుంది. చల్లటి ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువ కావాలి, వేడెక్కాక తక్కువతో నెట్టుకొస్తుంది. పైలట్ జెట్ సగం పూడినా వేడి ఇంజన్ స్టార్ట్ అయిపోతుంది. అప్పటికీ ఐడ్లింగ్ నిలబడకపోతే అమ్మేవాడు ఐడిల్ స్క్రూ తిప్పి పెంచేస్తాడు. నేను చూసినప్పుడు ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ముల్లు 2,000 దాటి ఉంది. ఇలాంటి 600 సీసీ బళ్లు సాధారణంగా 1,200, 1,300 దగ్గర నిలబడాలి. అడిగితే ‘రేసింగ్ బండి కదా, అలాగే ఉంటుంది’ అన్నాడు. అలా ఉండదు.

ఫుల్ ట్యాంక్ సంగతి కూడా అంతే. పెట్రోల్ నిండుగా ఉంటే లోపలి తుప్పు కనిపించదు. నా ట్యాంక్ ఖాళీ చేశాక టార్చ్ వేసి చూస్తే తుప్పు మీద ఎవరో సీలెంట్ పూసి ఉన్నారు. తుప్పును పూర్తిగా వదిలించకుండా పూస్తే అది పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చులు, తుప్పు పొడి కలిసి నేరుగా కార్బ్యురేటర్లలోకి దిగుతాయి. ఎన్నిసార్లు క్లీన్ చేయించినా మళ్లీ పూడుకుపోయే బళ్లలో చాలావాటికి కారణం ట్యాంకే. చూడబోయే బండి ట్యాంక్‌లో పెట్రోల్ కొద్దిగానే ఉంచమని ముందే ఫోన్‌లో చెప్పండి. మూత తీసి టార్చ్‌తో చూడండి, ఫోన్ లైట్ చాలదు.

ఇప్పుడు అసలు నష్టం చేసిన విషయానికి వస్తాను. ఈ తరం బళ్లలో చాలావాటికి వ్యాక్యూమ్‌తో, అంటే ఇంజన్ పీల్చే బలంతో, పనిచేసే పెట్రోల్ కాక్ (ట్యాంక్ కింది కుళాయి) ఉంటుంది. ఆన్, రిజర్వ్, ప్రైమ్ అని మూడు గుర్తులుంటాయి. ఆన్‌లో ఉన్నప్పుడు ఇంజన్ తిరుగుతుంటేనే పెట్రోల్ దిగుతుంది, ఇంజన్ ఆపితే ఆగిపోతుంది. ప్రైమ్‌లో పెడితే ఇంజన్‌తో సంబంధం లేకుండా దిగుతూనే ఉంటుంది. ఖాళీ బౌల్స్ నింపుకోవడానికి మాత్రమే అది ఉంది. నేను కొన్న బండిలో కాక్ ప్రైమ్ మీదే ఉంది. లోపలి డయాఫ్రమ్ పోయి ఆన్‌లో పెట్రోల్ సరిగా దిగడం లేదని, అందుకే ఎప్పుడూ అలాగే నడిపాడని తర్వాత అర్థమైంది.

ప్రైమ్‌లో ఉన్నంత మాత్రాన కొంప మునగదు. బౌల్ నిండగానే లోపల తేలే ఫ్లోట్ పైకి లేచి, దాని సాయంతో నీడిల్ అనే సూది పెట్రోల్ వచ్చే దారి మూసేస్తుంది. కానీ నీడిల్ కొన అరిగినా, దాని సీటు దగ్గర తుప్పు రేణువు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. అప్పుడు పెట్రోల్ ఓవర్‌ఫ్లో పైపు గుండా నేలమీద పడితే మన అదృష్టం, కనీసం కంటికి కనిపిస్తుంది. అలా కాకుండా ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) వైపు పొంగితే తెరిచి ఉన్న వాల్వ్ గుండా సిలిండర్‌లోకి, అక్కడినుంచి పిస్టన్ రింగులు దాటి ఇంజన్ ఆయిల్‌లోకి చేరుతుంది. ఆయిల్ నీళ్లలా పలచబడుతుంది. ఆ ఆయిల్‌తోనే బండిని నడిపితే క్రాంక్ బేరింగులు అరుగుతాయి. నా బండి ఆయిల్ కిటికీలో లెవెల్ పై గీత దాటి ఉంది. మూత తీసి వాసన చూస్తే బంకులో నిలబడ్డట్టుంది. ఆయిల్ దించాక అడుగున మెరుస్తున్న లోహపు పొడి కనిపించింది. ‘చిన్న కార్బ్ పని’ అంటే ఇదన్నమాట.

కాబట్టి కొనే ముందు ఆయిల్ లెవెల్ చూడండి. తక్కువుంటే అందరూ అనుమానిస్తారు, ఎక్కువుంటే ‘బాగా పోశాడు’ అనుకుంటారు. బండిని నిటారుగా నిలబెట్టి చూస్తే లెవెల్ పై గీత దాటినా, మూత దగ్గర పెట్రోల్ వాసన వచ్చినా ఇంజన్ స్టార్ట్ చేయనివ్వకండి. సిలిండర్ నిండా పెట్రోల్ ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే పిస్టన్ దాన్ని నొక్కలేదు. ద్రవం గాలిలా కుదించుకుపోదు కాబట్టి పిస్టన్‌ను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ప్లగ్గులు విప్పాకే ఇంజన్ తిప్పాలి. ఆ పెట్రోల్ ప్లగ్ రంధ్రాల్లోంచి చిమ్ముతుంది, స్పార్క్ అసలు రాకుండా ఇగ్నిషన్ కాయిళ్ల కనెక్టర్లు పీకి ఉంచాలి. నిప్పు దరిదాపుల్లో ఉండకూడదని వేరే చెప్పాలా?

ఇక వర్క్‌షాప్ కథ. లోహపు పొడి సంగతి బయటపడకముందే కార్బ్యురేటర్లను అక్కడ ఇచ్చాను. ‘ఓవర్‌హాల్ అయిపోయింది’ అన్నారు. తిరిగొచ్చాక ఒకదాంట్లోంచి పెట్రోల్ కారుతూనే ఉంది. నేనే బౌల్స్ విప్పి చూశాను. ఫ్లోట్‌ను పట్టి ఉంచే పిన్ రాకపోతే సుత్తితో కొట్టారు. అది కూర్చునే అల్యూమినియం స్తంభం విరిగితే ఏదో జిగురుతో అంటించారు. ఈ స్తంభాలు చాలా పెళుసు, ఇది జరగకూడని పనే అయినా తరచూ జరిగేదే. పిన్‌కు ఒకవైపు తల ఉంటుంది, ఎదుటివైపు నుంచి మెల్లగా నెట్టాలి. రాకపోతే నూనె పోసి ఓపిక పట్టాలి. పైలట్ జెట్లు పూడిపోతే రసాయనంలో నానబెట్టకుండా సన్నటి డ్రిల్ పెట్టి తిప్పారు, రంధ్రాలు పెద్దవయ్యాయి. ఇలాంటి జెట్‌ను మళ్లీ సరిచేయలేం, కొత్తది వేయాల్సిందే. ఒక స్లయిడ్ డయాఫ్రమ్ ఉబ్బి ముడతలు పడింది. కార్బ్ క్లీనర్ స్ప్రే రబ్బరు మీద కొడితే అలాగే అవుతుంది. స్క్రూల తలలన్నీ చెరిగిపోయాయి. జపాన్ బళ్ల స్క్రూల తలలు జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం ప్రకారం ఉంటాయి, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో సరిగా కూర్చోదు. ఈ ఒక్క విషయం తెలుసో లేదో అడిగితే మెకానిక్ ఈ పని ఎంత చేశాడో అంచనా వేయొచ్చు.

మెయిన్ జెట్లు రెండు ఒక నంబరు, రెండు ఇంకో నంబరు ఉన్నాయని నేను దీన్నీ వాళ్ల ఖాతాలోనే వేయబోయాను. కొన్ని మోడళ్లలో లోపలి సిలిండర్లకు, బయటి సిలిండర్లకు కంపెనీయే వేరువేరు సైజులు వేస్తుంది. మాన్యువల్ చూస్తే నా బండి అలాంటిదే. ఇంకెన్ని తప్పులున్నా ఈ ఒక్కటి వాళ్లది కాదు.

పని మొదలుపెట్టేవాళ్లు వరస తప్పొద్దు. ముందు వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి సందు), తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి), తర్వాత గాలి లీకులు, ఆ తర్వాతే కార్బ్యురేటర్లు, చివర్లో వ్యాక్యూమ్ గేజ్‌లతో నాలుగింటికీ సింక్, అంటే నాలుగూ సమానంగా పనిచేసేలా సరిచేయడం. వాల్వ్ క్లియరెన్స్ తగ్గిపోయిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది, ఆ నింద కార్బ్యురేటర్ మోస్తుంది. కంప్రెషన్ చూసేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకోవాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. రబ్బరు బూట్లు ఎండి పగిలితే గాలి చొరబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ స్పీడు వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. నా బండిలో పగుళ్ల మీద సిలికాన్ పూసి ఉంది. పెట్రోల్ తగిలితే ఆ సిలికాన్ మెత్తబడి ఊడిపోతుంది, ముక్కలు లోపలికి పోతాయి.

మిగతావి ఈ తరం బళ్లన్నిటికీ ఉన్నవే. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చూడండి, 2308 అంటే 2008లో 23వ వారం. ఎంత మందం మిగిలున్నా అంత పాత టైరు మీద స్పీడు వెళ్లకూడదు. ఇంజన్ సుమారు 5,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉన్నప్పుడు బ్యాటరీ మీద వోల్టేజ్ 14 దరిదాపుల్లో లేకపోతే బ్యాటరీని చార్జ్ చేసే రెక్టిఫయర్‌నో స్టేటర్‌నో అనుమానించాలి. హ్యాండిల్‌ను చివరిదాకా తిప్పినప్పుడు ఆపే దిమ్మెలు ఫ్రేమ్ మీద నొక్కుకుపోయి ఉంటే బండి గట్టిగానే పడిందని లెక్క. ఫ్రేమ్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో సరిపోలాలి.

చూడటానికి వెళ్లినప్పుడు చేయి పెట్టి ఇంజన్ కవర్ ముట్టుకోండి. వేడిగా ఉంటే గొడవేమీ వద్దు, ‘చల్లారాక వస్తాను’ అని చెప్పి వచ్చేయండి. రెండోసారి వెళ్లినప్పుడూ వేడిగానే ఉంటే ఇంక ఆ బండి వద్దు. నిజంగా మంచి బండి ఉన్నవాడు చల్లటి స్టార్ట్ చూపించడానికి వెనకాడడు. చోక్ లాగి సెల్ఫ్ కొట్టగానే అందుకుని, మెల్లగా చోక్ వదిలేస్తూ పోతే పైన చెప్పిన ఐడ్లింగ్ స్పీడు దగ్గర నిలబడాలి. వ్యాక్యూమ్ కాక్ ఉంటే దాన్ని ఆన్‌లోనే ఉంచి నడపమనండి.

‘ఈమధ్యే కార్బ్యురేటర్లు ఓవర్‌హాల్ చేయించాం’ అంటే బిల్లు అడగండి. నాకిచ్చిన బిల్లులో ‘కార్బ్ సర్వీస్’ అని ఒకే ముక్క ఉంది. ఫ్లోట్ నీడిళ్లు మార్చారా, ఓ-రింగులు మార్చారా, ఏ నంబరు జెట్లు వేశారు, ఇవేవీ లేవు. మీ కార్బ్యురేటర్లు ఎవరికైనా ఇచ్చేటప్పుడు ప్రతి పార్టూ విడిగా రాయమని ముందే చెప్పండి. తీసేసిన పాత నీడిళ్లు, జెట్లు ఒక కవర్లో వేసి ఇవ్వనిదే డబ్బు కట్టకండి.