పొలం చూడ్డానికి టికెట్టా? హోవెల్ ఫార్మ్‌లో ఒక శనివారం

న్యూజెర్సీలో ఉంటూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, పిల్లల్ని కలిపి ఎక్కడికి తీసుకెళ్ళాలా అని వెతుక్కునేవాళ్ళకి ముందే చెప్తున్నా. పార్కింగ్‌కి పది డాలర్లు అడిగే ఫార్మ్ దరిదాపులకి పోకండి.

అక్టోబరులో మేం అలాంటి చోటికే వెళ్ళాం. పేరెందుకులెండి, ఆ సీజన్‌లో ఎటు చూసినా అవే. మనిషికి 27 డాలర్లు, ఐదుగురికి 135. ఆన్‌లైన్‌లో కొన్నందుకు టికెట్‌కి రెండున్నర చొప్పున ఇంకో 12.50. పార్కింగ్ 10. లోపల కాలు పెట్టేసరికే 157.50 అయిపోయింది. నాన్న దాన్ని రూపాయల్లోకి మార్చి 13,000 దాటిందని తేల్చారు, ఇక ఆ రోజంతా ఆ అంకె మా వెంటే తిరిగింది. ట్రాక్టర్ ట్రాలీలో గడ్డిమోపుల మీద కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పుతారు. లైన్లో నిలబడ్డది ముప్పావుగంట, తిరిగింది ఐదు నిమిషాలు. ఇవన్నీ సరే అనుకున్నా. గుమ్మడికాయలు మాత్రం భరించలేకపోయాం. పొలంలోకి వెళ్ళి మనమే ఏరుకోవాలి, పౌను 99 సెంట్లు, అది టికెట్‌లో కలవదు. నాన్న ఒక కాయ ఎత్తి, కింద చూసి, చుట్టూ చూసి "తీగేదే?" అన్నారు. తీగ లేదు, ఆకూ లేదు. ఎక్కడో కోసిన కాయల్ని లారీలో తెచ్చి నేలమీద పరిచేశారు! కౌంటర్లో అమ్మాయిని అడిగితే "పిల్లలకి సరదా కదండీ" అన్నట్టు నవ్వింది. అనకాపల్లి దగ్గర నలభై ఏళ్ళు చెరకు వేసిన మనిషి ఆయన. "సంతలో కూరగాయలమ్మేవాళ్ళు కూడా టికెట్ పెట్టరే" అని ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉన్నారు.

అందుకే ఫిబ్రవరి చివర్లో "ఇంకో ఫార్మ్ ఉంది, వెళ్దామా" అంటే చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఇక్కడ డబ్బులు తీసుకోరంటే నమ్మలేదు. చెట్టు నుంచి నీళ్ళు తీసి బెల్లంపాకంలా కాస్తారంటే మాత్రం స్వెటర్ తొడుక్కున్నారు. అమ్మకి చలి, మోకాళ్ళ నొప్పులు, అసలు ఇల్లు కదలడమే ఇష్టం లేదు. మా వారు ఆఫీసు కాల్ ఉందని ఆఖరి నిమిషం వరకూ సాగదీశారు.

హోవెల్ లివింగ్ హిస్టరీ ఫార్మ్ మెర్సర్ కౌంటీలో, హోప్‌వెల్ టౌన్‌షిప్‌లోని ప్లెజెంట్ వ్యాలీలో ఉంది. ఎడిసన్ నుంచి దాదాపు గంట. ప్రవేశం ఉచితం, పార్కింగూ ఉచితమే. 130 ఎకరాల పొలం. 1890-1910 మధ్య ఇక్కడి రైతులు ఎలా సేద్యం చేశారో అలాగే, గుర్రాలతో, ఎద్దులతో ఇప్పటికీ చేస్తున్నారు. శనివారాల్లో జనం కోసం ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. ఆ సీజన్‌కి ఏ పని ఉంటే ఆ పనే. "ఎవరిదీ భూమి?" అని నాన్న అడిగారు. ఇనెజ్ హోవ్ హోవెల్ అనే ఆవిడ, అమెరికా కాంగ్రెస్ సభ్యుడిగా చేసిన భర్త చార్లెస్ హోవెల్ జ్ఞాపకార్థం 1974లో కౌంటీకి రాసిచ్చారని చెప్పాను. "మన దగ్గరైతే ఈపాటికి వెంచర్ వేసి ప్లాట్లు కొట్టేవాళ్ళు" అన్నారు మా వారు. ఆ రోజు ఆయన సరదాగా అన్న మాట అదొక్కటే.

మేం వెళ్ళింది మేపుల్ సిరప్ తీసే రోజు. రాత్రిళ్ళు గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉంటేనే చెట్టులో రసం కదులుతుంది, అందుకే శీతాకాలం చివర్లోనే ఈ పని. చెట్టుకి చిన్న రంధ్రం చేసి, గొట్టం బిగించి, కింద బకెట్ తగిలిస్తారు. మావాడు వేలు పెట్టి నాకి "నీళ్ళే!" అన్నాడు. నిజమే, అందులో చక్కెర నూటికి సుమారు రెండు పాళ్ళే. నలభై గాలన్ల రసం మరిగిస్తే ఒక గాలన్ సిరప్. నాన్న అక్కడే ఆగిపోయారు. "మనకి వంద కిలోల చెరకుకి పది కిలోల బెల్లం వస్తుంది. నలభైకి ఒకటంటే వీళ్ళకేం గిట్టుబాటవుతుందే?"

రసం కాచే షెడ్డులోకి వెళ్ళాక ఆయన్ని బయటికి తీసుకురావడం మా వల్ల కాలేదు. పొడవాటి వెడల్పు పెనం, కింద కట్టెల మంట, ఆవిరికి ఎదుటివాళ్ళు కనబడరు. మన బెల్లం పొయ్యిలో చెరకుపిప్పి మండుతుంది, అంతే తేడా. నురగ పొంగినప్పుడు పెనం దగ్గరున్నాయన చిన్న వెన్నముక్క వేశాడు, పొంగు టక్కున దిగింది. "మేం ఆముదం వేస్తాం! చెప్పు, చెప్పు ఆయనకి" అని నన్ను తోశారు. చెప్పాను. ఆయన సంతోషంగా తన గరిటె నాన్న చేతికిచ్చి, అంచు నుంచి సిరప్ చుక్కలుగా కాక పలకలా జారితే అయినట్టని చూపించాడు. నాన్న ఊరుకుంటారా, మేం చన్నీళ్ళలో వేసి ఉండ కడుతుందో లేదో చూస్తామని చేతులతో అభినయించారు. ఇద్దరికీ నేను అక్కర్లేకపోయింది. అక్టోబరులో 157 డాలర్లు పెట్టినచోట మాతో మాట్లాడిన మనుషులు టికెట్ కోసేవాళ్ళే.

అమ్మ ఫార్మ్‌హౌస్‌లో వెన్న చిలికేచోట పొయ్యి పక్కన కూర్చుంది. మీగడని తోడు పెట్టకుండానే చిలకడం చూసి ముఖం చిట్లించింది. తన వంతు వచ్చినప్పుడు మాత్రం వలంటీరుకి అవకాశం ఇవ్వకుండా వెన్న తేలేవరకూ తనే ఆడించింది. తిని, "చప్పగా ఉంది, పులుపే లేదు" అని తీర్పు. అక్కడే పట్టిన గోధుమపిండితో పోసిన చిన్న అట్లు, మీద సిరప్ మాత్రం రెండుసార్లు అడిగింది.

ఎద్దుల సంగతి చెప్పకపోతే నాన్న ఊరుకోరు. ఇక్కడి ఎద్దులకి మూపురం లేదు, కాడి జారకుండా మెడ కిందుగా వంచిన కర్ర బిగిస్తారు. ముకుతాడు లేదు. "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి, మాట మీదే నడుస్తాయి. ముకుతాడు లేని జత ఎద్దుల్ని నాన్న మొదటిసారి చూశారు, ఫోన్‌లో వీడియో తీసి అప్పటికప్పుడు ఊళ్ళో బాబాయికి పంపారు.

లోపాలూ ఉన్నాయి. అట్లు రుచి చూడ్డానికే, కడుపు నిండదు. మేం దగ్గర్లోని లాంబర్ట్‌విల్ ఊరికి వెళ్ళి ఐదుగురికి శాండ్‌విచ్‌లు, కాఫీలకి 71 డాలర్లు తగలేశాం, శాండ్‌విచ్ చల్లగా ఉంది. మీరు పులిహోర కట్టుకెళ్ళండి. బురద బాగా ఉంటుంది, అమ్మ సాక్స్ మీద వేసుకున్న చెప్పులు చెత్తబుట్టలోకి పోయాయి. పిల్లలకి రబ్బరు బూట్లు తప్పనిసరి. పొద్దున్నే వెళ్తే పెనం దగ్గర జనం తక్కువ.

జనవరిలో చెరువు మీద మంచు కోసే కార్యక్రమం ఉంటుంది, కానీ మంచు గట్టిగా కడితేనే, కాబట్టి బయల్దేరేముందు కనుక్కోండి. వసంతంలో గొర్రెల బొచ్చు కత్తిరింపు, వేసవిలో నూర్పిళ్ళు. శరదృతువులో మొక్కజొన్న చేలో దారి వెతుక్కునే ఆటకి మాత్రం టికెట్ ఉంది, అయినా దానికి నేను సంతోషంగా కడతాను. అమ్మానాన్న మార్చిలో వెళ్ళిపోతున్నారు. నూర్పిళ్ళ టైమ్‌కి మళ్ళీ వీసా దొరుకుతుందేమో కనుక్కోమని నాన్న మా వారిని రోజూ అడుగుతున్నారు.