అనేక సబ్‌నెట్లకు ఒకే డీహెచ్‌సీపీ సర్వర్: కియా 3.0 సమీక్ష

కార్యాలయం, ల్యాబులు, హాస్టళ్లు, సీసీ కెమెరాలు వేర్వేరు వీల్యాన్లలో (ఒకే స్విచ్‌ల మీద వేరుచేసిన నెట్‌వర్క్ భాగాలలో) ఉండే కళాశాల ప్రాంగణంలో, అన్నిటికీ ఐపీ చిరునామాలను ఒకే చోటు నుంచి కేటాయించే పనిని ఐఎస్‌సీ (ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్టియం) సంస్థ వారి కియా అనే డీహెచ్‌సీపీ సర్వర్‌కు, అంటే నెట్‌వర్క్‌లో చేరే పరికరాలకు చిరునామాలిచ్చే ప్రోగ్రాముకు, నిశ్చింతగా అప్పగించవచ్చునని నా అభిప్రాయం. అదే సంస్థ తన పాత డీహెచ్‌సీపీ సర్వర్‌కు 2022 చివరలో స్వస్తి పలికింది కనుక, ఇంకా దానిపైనే ఆధారపడినవారు ఏదో ఒక ప్రత్యామ్నాయం ఎంచుకోక తప్పదు. అయితే కియా మొదట్లోనే మన చేత చాలా పని చేయిస్తుంది.

చిరునామా కోసం కంప్యూటర్ పంపే తొలి అభ్యర్థన బ్రాడ్‌కాస్ట్ (ఆ నెట్‌వర్క్‌లోని అందరికీ పంపే సందేశం) రూపంలో ఉంటుంది, రూటరును దాటిపోదు. అందువల్ల ప్రతి వీల్యాన్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు ద్వారం) మీదా, అభ్యర్థనను సర్వర్‌కు చేరవేసే రిలేను అమర్చాలి. హాస్టల్ గేట్‌వే 10.20.8.1 అయితే, రిలే ఆ చిరునామాను అభ్యర్థనలో చేర్చి పంపుతుంది, దాన్ని చూసే కియా 10.20.8.0/22 సబ్‌నెట్‌ను (ఆ వీల్యాన్‌కు చెందిన చిరునామాల శ్రేణిని) ఎంచుకుంటుంది. ఒక్క వీల్యాన్‌కే చిరునామాలు అందడం లేదంటే ముందుగా చూడవలసింది స్విచ్‌లోని రిలేను, సర్వర్ నుంచి ఆ గేట్‌వేకు తిరుగుదారి ఉందో లేదో, మధ్యలో ఫైర్‌వాల్ 67వ పోర్టును అడ్డుకుంటోందేమో. ఈ మూడూ సరిగా లేకపోతే కియాను నిందించి ప్రయోజనం లేదు.

కాన్ఫిగరేషన్ ఫైలు జేసన్ (బ్రాకెట్లతో డేటాను రాసే పద్ధతి) రూపంలో ఉంటుంది. ఒక్క బ్రాకెట్ తప్పిపోయినా సర్వర్ లేవదు, కానీ ‘-టి’ జోడించి ఆదేశమిస్తే తప్పు ఏ వరుసలో ఉందో ముందే చెబుతుంది. డీఎన్‌ఎస్ (వెబ్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే సర్వర్), లీజు కాలం (ఇచ్చిన చిరునామా చెల్లే గడువు) వంటివి పైస్థాయిలో ఒకసారి రాస్తే సబ్‌నెట్లన్నిటికీ వర్తిస్తాయి. గేట్‌వేను మాత్రం ఏ సబ్‌నెట్‌కు ఆ సబ్‌నెట్‌లోనే రాయాలి. ఒక సబ్‌నెట్ భాగాన్ని కాపీ చేసి, గేట్‌వే మార్చకుండా వదిలేస్తే కియా నోరు మెదపదు. ఫోన్‌కు చిరునామా వస్తుంది, ఇంటర్నెట్ రాదు. ఈపాటి తనిఖీ అది స్వయంగా చేసి ఉంటే బాగుండేది.

నాకు బాగా నచ్చినది షేర్డ్ నెట్‌వర్క్ సదుపాయం. ల్యాబులోని 10.20.4.0/24 నిండిపోయి, అదే వీల్యాన్‌కు 10.20.30.0/24ను జోడించారనుకుందాం. రెండిటినీ విడివిడిగా రాస్తే రిలే చిరునామా మొదటిదానితోనే సరిపోలుతుంది కనుక రెండోది ఖాళీగా పడి ఉంటుంది. వాటిని ఒకే షేర్డ్ నెట్‌వర్క్ కింద చేరిస్తే, మొదటిది నిండగానే కియా రెండోదాని నుంచి ఇస్తుంది. స్విచ్ ఇంటర్‌ఫేస్‌కు కొత్త సబ్‌నెట్‌లోని రెండో చిరునామా ఇవ్వడం మాత్రం మరువకూడదు.

లీజు కాలం ఏమీ రాయకపోతే 7200 సెకన్లు. వచ్చిపోయే ఫోన్లతో నిండిన హాస్టల్‌కు అది చాలు, కదలని కార్యాలయ కంప్యూటర్లకు పెంచుకోవచ్చు. ప్రింటరుకు ఒక సబ్‌నెట్‌లో రాసిన రిజర్వేషన్ (ఎప్పుడూ అదే చిరునామా ఇవ్వాలన్న నియమం) ఆ సబ్‌నెట్‌కే చెల్లుతుంది, ప్రింటరును మరో భవనానికి తరలిస్తే మళ్లీ రాసుకోవాలి.

2025లో వచ్చిన 3.0తో, అంతవరకు డబ్బు చెల్లించినవారికే పరిమితమైన హుక్ లైబ్రరీలు (కియాకు అదనపు సదుపాయాలు జోడించే భాగాలు) చాలావరకు ఉచితమయ్యాయి. స్టోర్క్ అనే వెబ్ డ్యాష్‌బోర్డును జతచేస్తే ఏ సబ్‌నెట్ ఎంత శాతం నిండిందో తెర మీదే కనిపిస్తుంది, రిజర్వేషన్లూ అక్కడి నుంచే చేర్చవచ్చు. ఒక సర్వర్ ఆగితే మరొకటి అందుకునే ఏర్పాటు కూడా ఉంది. దానికి ప్రతి రిలేలోనూ రెండు సర్వర్ల చిరునామాలూ ఇవ్వాలి.

రెండు మూడు వీల్యాన్లున్న చిన్న కార్యాలయానికి ఇంత హంగామా అక్కరలేదు, డీఎన్‌ఎస్‌మాస్క్ అనే తేలికైన ప్రోగ్రాము సరిపోతుంది. పాత సర్వర్ నుంచి వచ్చేవారికి కీమా అనే మార్పిడి సాధనం ఉంది. అది సబ్‌నెట్లను, పూల్‌లను (సబ్‌నెట్‌లో పంచిపెట్టే చిరునామాల వరుసలను) చక్కగానే తర్జుమా చేస్తుంది కానీ, క్లాసులు (పరికరాల వర్గాలు), షరతులు ఉన్న చోట ఫలితాన్ని వరుస వరుసా చదివి చేత్తో సరిదిద్దుకోవలసిందే.