నిరుద్యోగ రేటా, శ్రామిక భాగస్వామ్య రేటా?

నిరుద్యోగ రేటు: పని చేసేవాళ్లు, వెతికేవాళ్లు కలిపి వందమంది ఉంటే, పని దొరకనివాళ్లెందరు?
భాగస్వామ్య రేటు: 15 ఏళ్లు నిండిన వందమందిలో ఆ రెండు రకాలూ కలిపి ఎందరు?

మొదటిది చూడటం తేలిక, మోసపోవడమూ తేలికే. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ మూతపడి, అక్కడ పనిచేసే ఆమె విసిగిపోయి పని వెతకడం మానేస్తే, నిరుద్యోగుల లెక్కలోంచే జారిపోతుంది. రేటు తగ్గినట్టు కనిపిస్తుంది! అందుకే ఆ అంకె ఒక్కదాన్నే నమ్మకూడదు. రెండోది ఈ లోటును పట్టిస్తుంది.

కానీ అదీ కూలి ఎంతో చెప్పదు. సొంత పొలంలో జీతం లేకుండా కలుపు తీసినా ఉపాధి కిందే లెక్క.

విజయనగరంలో డిగ్రీ చదివిన కుర్రాళ్ల ఉద్యోగ టెన్షన్ తెలియాలంటే మొదటిది. ఊళ్లో ఆడవాళ్లకు పని అందుతోందా అంటే రెండోది. 2017లో మొదలైన పీఎల్ఎఫ్ఎస్‌లో (కేంద్ర ప్రభుత్వం చేసే ఉపాధి సర్వే) ఆడవాళ్ల అంకెను విడిగా చూడండి.