నంద్యాల బ్యాంక్ మాక్ ఇంటర్వ్యూ ప్యాకేజీ: దేనికి డబ్బు కట్టాలి, దేనికి అక్కర్లేదు

ప్రభుత్వ బ్యాంకుల్లో ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీఓ పరీక్షలో మెయిన్స్ గట్టెక్కి, ఇంటర్వ్యూ కాల్ లెటర్ చేతిలో పెట్టుకుని కూర్చున్నవాళ్ల కోసం ఇది. బ్యాంక్ కోచింగ్ అంటే నంద్యాల పేరు చెప్పడం మన దగ్గర మామూలే. మాది బందరు. అంతదూరం ఎందుకు, విజయవాడలో దొరకదా అని ఇంట్లో గొణిగారు. అయినా వెళ్లాను. ప్యాకేజీ మూడున్నర వేలు, హాస్టల్ ఖర్చు వేరే. సెంటర్ పేరు రాయడం లేదు.

ముందే చెప్పేస్తున్నాను: మాక్ ప్యానెల్‌కీ (అసలు ఇంటర్వ్యూలా ప్రాక్టీసు చేయించేవాళ్లు) సర్టిఫికెట్ల చెకింగ్‌కీ పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. మిగతాది దండగ.

దండగ సంగతి త్వరగా ముగిస్తాను. పొద్దున పూట 'పర్సనాలిటీ' క్లాసులు ఉంటాయి. తలుపు ఎలా తెరవాలి, కుర్చీలో ఎంత ముందుకు కూర్చోవాలి, నవ్వు ఎంతవరకు ఉండాలి, ఇదీ సిలబస్. అమ్మాయిలు చీరే కట్టుకోవాలని ఒక మేడమ్ గట్టిగా పట్టుబట్టారు. చీర అలవాటు లేని అమ్మాయి మాక్‌లో కూర్చున్నంతసేపూ కుచ్చిళ్లే సర్దుకుంది. ప్రశ్న వినేది ఎప్పుడు? అసలు ఇంటర్వ్యూకు నేను ఇస్త్రీ చేసిన లేతరంగు చుడీదార్‌లో వెళ్లాను, ఎవరూ ఏమీ అనలేదు.

జిరాక్స్ మెటీరియల్ మరీ ఘోరం. 'మీ బలహీనత ఏమిటి' అన్నదానికి జవాబు అచ్చువేసి ఇచ్చారు: ఏ పనైనా పర్ఫెక్ట్‌గా చేసేదాకా నాకు నిద్రపట్టదు అని. బ్యాచ్‌లో అందరూ అదే అప్పజెప్పారు. అంతమంది నిద్రలేని మనుషులను బ్యాంకులు ఏం చేసుకుంటాయి? పైగా సమాచారం పాతది. చిన్న వ్యాపారాలకు తనఖా లేకుండా ఇచ్చే ముద్రా రుణం గరిష్ఠంగా 10 లక్షలు అని ఉంది. ముద్రాలోనే పెద్ద మొత్తానికిచ్చే తరుణ్ లోన్ తీసుకుని సరిగ్గా కట్టినవాళ్లకు 'తరుణ్ ప్లస్' కింద 20 లక్షల వరకు ఇవ్వడం 2024లోనే వచ్చింది. బ్యాంక్ మునిగితే ఖాతాదారుకు దక్కే డిపాజిట్ ఇన్సూరెన్స్ ఇంకా లక్ష దగ్గరే ఆగిపోయింది. అది 5 లక్షలై 2020 నుంచి నడుస్తోంది. ఆఫీసులో చెబితే 'వచ్చే బ్యాచ్‌కి మారుస్తాం' అన్నారు. మేం ఈ బ్యాచ్ కదండీ!

ఇక మాక్ ప్యానెల్. ముగ్గురు కూర్చుంటారు. అందులో ఒకాయన రిటైర్డ్ బ్రాంచ్ మేనేజర్. ప్యాకేజీ ధర నా దృష్టిలో ఆయనదే. ముందు రోజే మన బయోడేటా తీసుకుని చదువుకుని వస్తారు. నాది చూసి ఆంధ్రా బ్యాంక్‌తో మొదలుపెట్టారు. 1923లో పట్టాభి సీతారామయ్య గారు మా ఊళ్లోనే పెట్టిన బ్యాంక్ అది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. అక్కడిదాకా బందరు పిల్లలెవరైనా చెబుతారు. 'కలిపితే లాభమేమిటి? మీ ఊళ్లో ఖాతాదారుకు ఏం మారింది?' అని ఆయన అడిగాక కథ మొదలైంది. పాస్‌బుక్కులు, చెక్కుబుక్కులు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారడం, దగ్గర దగ్గరగా ఉన్న బ్రాంచీలను కలిపేయడం, ఇవన్నీ తడుముకుంటూ చెప్పాను.

తర్వాత ఆయన మా బందరులోని చిలకలపూడి సంగతికి వచ్చారు. అక్కడి రోల్డ్ గోల్డ్ నగల పని మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఇంగ్లీషులోనే అడిగారు, నేను తెలుగులో రాస్తున్నాను.

'కవరింగ్ నగలు చేసే అతను రెండు లక్షలు అడిగాడు. పొలం లేదు, ఉండేది అద్దె ఇల్లు. ఏం చేస్తావు?'

'ముద్రా ఇస్తాను సార్. 50 వేలు దాటి 5 లక్షల లోపు కాబట్టి కిశోర్ కిందికి వస్తుంది. తనఖా అక్కర్లేదు.'

'పథకం పేరు నేనడగలేదమ్మా. ఆ మనిషిని నువ్వు మొదట ఏమడుగుతావు?'

నేను ఆలోచిస్తుంటే ఆయనే విడమరిచారు. సరుకు ఎవరికి అమ్ముతాడు, డబ్బు చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది, పెళ్లిళ్ల సీజన్ కాని నెలల్లో ఇల్లెలా గడుస్తుంది, ఇప్పటికే ఎక్కడైనా అప్పుందా. ఇవి తెలిస్తేనే వాయిదా ఎంత పెట్టాలో తెలుస్తుందట. తనఖా లేదంటే బ్యాంకువాడు ఇంకా ఎక్కువ ప్రశ్నలు అడగాలన్నారు. ఆ కాసేపటి మాటల్లో నాకు దొరికింది ఆ జిరాక్స్ కట్టలో ఎక్కడా లేదు. 'బీటెక్ చదివి బ్యాంక్‌కెందుకు' అన్న పాత ప్రశ్నకు కూడా ఆ రోజు నుంచి నా జవాబు మారింది. సమాజసేవ, దేశాభివృద్ధి అన్న మాటలు తీసేసి, మా వీధిలో నేను చూసిన చేతివృత్తులవాళ్ల లెక్కల గురించి చెప్పడం మొదలుపెట్టాను.

మాక్ వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. చూడటానికి సిగ్గేసినా చూడండి. నేను ప్రతి జవాబుకూ 'యాక్చువల్లీ' అంటున్నానని అందులోనే తెలిసింది.

ఎవరూ ప్రచారం చేసుకోని మంచి పని ఇంకొకటుంది: సర్టిఫికెట్ల చెకింగ్. అక్కడి క్లర్క్ ఒకతను అందరి ఫైళ్లూ వరసగా చూశాడు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉన్నవాళ్లు మన పిల్లల్లో ఎందరో. అలాంటివన్నీ పట్టుకున్నాడు. ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఉండాలి. కాలేజీ అడ్మిషన్ కోసం తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రం తెచ్చిన ఇద్దరిని ఆ సాయంత్రమే ఊరికి పంపించాడు. టెన్షన్ పడ్డారు కానీ టైముకు తెచ్చుకున్నారు.

ఇంటర్వ్యూ 100 మార్కులకు. ఫైనల్ మెరిట్‌లో మెయిన్స్‌కు 80, దీనికి 20 వెయిటేజీ. అంటే ఇంటర్వ్యూలో ఐదు మార్కులు తెచ్చుకుంటే ఫైనల్ మెరిట్‌లో ఒకటి. కట్ఆఫ్ అంచున ఉన్నవాళ్లకు ఆ ఒకటి చాలా పెద్దది. మెయిన్స్‌లో బాగా స్కోర్ చేసినవాళ్లు మూడున్నర వేలు పెట్టాలా అంటే, అక్కర్లేదనే అంటాను. రోజూ పేపర్ చదివి, మీ జిల్లా పంటలూ పరిశ్రమలూ తెలుసుకుని, తెలిసిన బ్యాంక్ ఉద్యోగి ఎవరైనా ఉంటే ఓ గంట కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించుకోండి.

చేరాలనుకుంటే మాత్రం, ప్యానెల్‌లో బ్రాంచ్‌లో పనిచేసి లోన్లు ఇచ్చిన మనిషి ఉన్నారా అని ముందే అడగండి. ఇంగ్లీష్ లెక్చరర్లే ఉంటే వెనక్కి వచ్చేయండి. ఇంకో సంగతి, వీడియోతో సహా మాక్ ఒక్కటే కావాలంటే ఎనిమిది వందలకు ఇస్తారు. బోర్డు మీద రాయరు, అడిగితేనే చెబుతారు.