తుమన్యాన్ ఇల్లు: యెరెవాన్‌లో చూడాలా, ద్సెఘ్ దాకా వెళ్లాలా?

దుబాయ్ నుంచి నాలుగు రోజుల సెలవుకి ఆర్మేనియా వెళ్లే మనవాళ్లు, అక్కడ మెడిసిన్ చదివే పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. మ్యాప్‌లో ఆర్మేనియా కవి హొవానెస్ తుమన్యాన్ మ్యూజియం రెండు చోట్ల, రాజధాని యెరెవాన్‌లోనూ ద్సెఘ్ పల్లెలోనూ కనిపిస్తోంది, ఏది అసలుది అని. నేను రెండూ చూశాను, ఒకటి మా అత్తయ్యతో, ఇంకోటి ఒక్కడినే.

చిక్కేమిటంటే ఈయన సామాను ఒక చోట ఉంది, ఇల్లు ఇంకో చోట ఉంది. పుట్టింది 1869లో ఉత్తరాన లోరి ప్రాంతంలోని ద్సెఘ్ పల్లెలో. జీవితంలో ఎక్కువ భాగం గడిపింది తిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి జార్జియా రాజధాని త్బిలిసీలో. 1923లో పోయింది మాస్కోలో, సమాధి త్బిలిసీలో. యెరెవాన్‌లో ఆయన కాపురం పెట్టిందే లేదు.

అయినా యెరెవాన్ మ్యూజియాన్ని తీసిపారేయలేం. 1953లో తెరిచారు, మొస్కొవ్యాన్ వీధిలో ఉంది, ఆపెరా దగ్గర నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. ముందు 54 మెట్లుంటాయి, ఆయన బతికినన్ని ఏళ్లకి అన్ని మెట్లు. మా అత్తయ్య ముప్పయ్యో మెట్టు మీద కూలబడి "ఇంకా ఎన్నేళ్లు బతికాడ్రా ఈయన" అంది. పైన తిఫ్లిస్ ఇంటి గదులను ఆ ఇంటి సామానుతోనే మళ్లీ అమర్చారు, ఆయన చదివిన పుస్తకాలూ అక్కడే ఉన్నాయి. పదిమంది పిల్లల తండ్రి అని చదవడం వేరు, ఆ ఇంటి సామాను చూడ్డం వేరు. ఒక కొడుకు 1918లో హతమయ్యాడు, మిగిలిన ముగ్గురు కొడుకులూ తర్వాత స్టాలిన్ కాలపు అణచివేతకు బలయ్యారు. అది తెలిసి చూస్తే ఆ గదుల్లో ఎక్కువసేపు నిలబడలేం. ఆయన జీవితం గురించి తెలుసుకోవాలంటే మాత్రం ఇదే మేలు, సందేహం లేదు.

కానీ కిటికీ దగ్గరకెళ్లి బయటికి చూస్తే కనబడేది యెరెవాన్ వీధి. నాకు అక్కడే తేడా కొట్టింది. కవి ఇల్లు చూడ్డానికి వెళ్లేది ఆయన కుర్చీ కోసం కాదు కదా, ఆ కుర్చీలో కూర్చుంటే ఏం కనబడేదో తెలుసుకోవడానికి. కనీసం నేను వెళ్లేది అందుకే.

ద్సెఘ్‌లో అది దొరుకుతుంది. దెబెద్ నది లోయ అంచున ఎత్తైన మైదానం మీద ఊరు, చుట్టూ అడవులు, కొండలు, నడవగలిగితే అడవిలో బర్ద్జ్రకాష్ అనే పాడుబడ్డ మఠం. ఇల్లు రాతి ఇల్లు, లోపల చూసేది తక్కువే, అరగంటలో అయిపోతుంది, ఇంతదూరం ఇందుకా అనిపించినా అనిపించవచ్చు. కానీ ఆయన రాసిన లోరి పల్లెలు, గొర్రెల కాపరులు, లోయలు గుమ్మం దాటగానే ఎదురుగా ఉంటాయి. పెరట్లో ఆయన గుండె ఉంది. మాట వరసకి అనడం లేదు, నిజంగానే గుండె. చనిపోయాక తీసి యెరెవాన్‌లో వైద్య విద్యాసంస్థలో భద్రపరిచారు, 1994లో తెచ్చి ఇక్కడ పాతిపెట్టారు. దేహం త్బిలిసీలో, గుండె పుట్టిన ఇంట్లో. నేను ఆ పెరట్లో ఎంతసేపు ఉన్నానో గుర్తులేదు గానీ, డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు.

ఖర్చు సంగతి ఉంది. యెరెవాన్ నుంచి వనద్జోర్ మీదుగా కారులో పోనూ రానూ ఒక రోజు పోతుంది. అయితే అదే వైపు ఇంకాస్త ముందుకెళ్తే హఖ్పాత్, సనాహిన్ మఠాలున్నాయి, యునెస్కో జాబితాలో ఉన్నవి, ఎలాగూ చాలామంది వాటికోసం ఆ వైపు వెళ్తారు. రోడ్డు మీద త్బిలిసీ పోయేవాళ్లకైతే ఆలోచించే పనే లేదు, దారిలో కాస్త పక్కకి తిరిగితే చాలు. చిన్నపిల్లలో, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లో ఉండి, చేతిలో ఒక్క పూటే ఉంటే మాత్రం యెరెవాన్‌దే చూడండి (మెట్ల సంగతి ముందే చెప్పాను).

మిగతా కవుల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి: చరెంత్స్ మ్యూజియం యెరెవాన్‌లో మష్తొత్స్ అవెన్యూ మీద, ఆయన చివరి ఏళ్లలో నిజంగా ఉన్న ఇల్లే, 1937లో జైల్లో పోయాడు, వీలుంటే వెళ్లండి. ఇసహక్యాన్‌ది కూడా ఊళ్లోనే. కొత్త వెయ్యి ద్రాముల నోటు మీదున్న పరుయ్ర్ సెవాక్ ఇల్లు జంగకతున్ పల్లెలో, నేను వెళ్లలేదు.

ఒక్క జాగ్రత్త. మ్యాప్‌లో "తుమన్యాన్" అని కొట్టకండి. కింద లోయలో ఆ పేరుతో వేరే ఊరుంది, మా డ్రైవర్ నన్ను ముందు అక్కడికే తీసుకెళ్లాడు. "ద్సెఘ్" అనే కొట్టండి, సోమవారం మాత్రం పెట్టుకోకండి, అక్కడ చాలా మ్యూజియాలకి ఆ రోజు సెలవు.