ఏళ్లుగా వాడుతున్న మార్టిస్ లాక్: ఏది అరిగింది, ఏది మార్చాను

మా వీధి తలుపుకు ఉన్నది మార్టిస్ లాక్, అంటే తలుపు చెక్కలోకి తొలిచి లోపల బిగించే తాళం. అందులోనూ సిలిండర్, అంటే కీ దూర్చే భాగం, విడిగా ఊడొచ్చే రకం. ఇంట్లో అందరం రోజూ దాన్నే తీసి వేస్తుంటాం, కాబట్టి ఇన్నేళ్ల తర్వాత దాని మంచీ చెడూ చెప్పగలను. అరిగిపోయినా మొత్తం పీకి పారేయక్కర్లేని తాళం ఇది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మొదట్లో ఏ పేచీ లేదు. తర్వాత్తర్వాత కీ మొరాయించడం మొదలుపెట్టింది. పూర్తిగా లోపలికి పెడితే తిరగదు, వెంట్రుకవాసి వెనక్కి లాగి తిప్పితే తిరుగుతుంది. ఇంట్లోవాళ్లకు ఆ కిటుకు అలవాటైపోయింది కానీ, చుట్టాలెవరైనా వస్తే గుమ్మం ముందే నిలబడిపోయేవారు. సిలిండర్ లోపల వరసగా ఐదో ఆరో జతల పిన్నులు, వాటి మీద స్ప్రింగులు ఉంటాయి. కీ మీది గాట్లు ఒక్కో పిన్నునూ ఎంత లేపాలో అంతే లేపితేనే లోపలి భాగం తిరుగుతుంది. రోజూ ఒరుసుకుంటే కీ, పిన్నులూ రెండూ అరుగుతాయి. బీరువాలో వాడకుండా దాచిన కీనీ, జేబులో తిరిగే కీనీ పక్కపక్కన పెట్టి వెలుతురులో చూశాను. దాచినదానికి గాట్ల అంచులు కోసుగా ఉన్నాయి. వాడుతున్నదానికి అవి గుండ్రంగా అరిగి, పైపూత పోయి లోపలి ఇత్తడి బయటపడింది.

దాచిన కీ పెడితే తాళం సాఫీగా తిరిగింది. అంటే అప్పటికి అరిగింది ఎక్కువగా కీయే. డూప్లికేట్లు కూడా దాన్ని చూపించే చేయించాను. అరిగిన కీని చూసి చేయిస్తే ఆ అరుగుదలంతా కొత్త కీలోకి వచ్చేస్తుంది. ఇది తెలియక ఎంతోమంది లాక్ మొత్తం మార్చేస్తుంటారు, చూస్తే బాధేస్తుంది.

కీ బిగుసుకోగానే వంట నూనె పోయమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి పోయకండి. నూనెకు దుమ్ము అంటుకుని, కొన్నాళ్లకు జిగురుగా మారి పిన్నులు పైకీ కిందికీ ఆడవు. నేను గ్రాఫైట్ పొడి కొద్దిగా కొట్టి, కీని నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తాను, అది చాలు.

వానలకు చెక్క ఉబ్బినప్పుడు మాత్రం గడియ పడేది కాదు. తప్పు తాళానిదా, తలుపుదా అన్నది తేల్చుకోవడం తేలికే. తలుపు తెరిచి ఉంచి కీ తిప్పండి. గడియ హాయిగా బయటికొచ్చిందంటే తాళం బాగున్నట్టే. గడియ కొసకు సుద్ద రాసి తలుపు మూసి తిప్పితే, ఫ్రేముకు ఎక్కడ తగులుతోందో మరక చెబుతుంది. మా తలుపుకు పై బందు స్క్రూలు వదులై కాస్త కిందికి దిగింది. వాటిని బిగించాక సర్దుకుంది.

చివరికి సిలిండర్ కూడా మార్చాల్సి వచ్చింది. కీ సగం తిప్పి ఉండగానే చేతిలోకి ఊడొచ్చేది. ఆ దశకు వచ్చాక ఆలస్యం చేయకూడదు, ఏదో ఒక రోజు బయటే ఉండిపోతాం. పని మాత్రం చిన్నదే. తలుపు అంచున, గడియ కింద, సిలిండర్‌కు ఎదురుగా ఒకే ఒక పొడవాటి స్క్రూ ఉంటుంది. దాన్ని తీసి, కీ పెట్టి కొద్దిగా తిప్పితే సిలిండర్ మధ్యలోని నాలుక లోపలికి సర్దుకుంటుంది. అప్పుడు మెల్లగా లాగితే వచ్చేస్తుంది. కొత్తది కొనేముందు ఆ స్క్రూ రంధ్రం మధ్య నుంచి రెండు వైపులా విడివిడిగా కొలవాలి, ఎందుకంటే 35-35 వేరు, 30-40 వేరు, మొత్తం 70 మి.మీ. అయినా సరే. బయటివైపు ప్లేటు దాటి 3 మి.మీ. కంటే ఎక్కువ పొడుచుకు రాకూడదు. ఎక్కువుంటే దొంగకు పట్టుకుని విరిచేందుకు వీలిచ్చినట్టే.

నాకు నచ్చనిది హ్యాండిల్. లోపలి స్ప్రింగ్ అలిసిపోయి అది కిందికి వేలాడుతోంది, ఆ స్ప్రింగ్ విడిగా దొరకడం కష్టం. తలుపు చెక్క లోపల ఉండే తాళం పెట్టె మొత్తం మార్చాలి. హ్యాండిల్ కడ్డీ నుంచి సిలిండర్‌కు దూరం, తలుపు అంచు నుంచి సిలిండర్‌కు దూరం, రెండూ పాతదానితో సరిపోకపోతే చెక్క మళ్లీ తొలవాల్సిందే. అందుకే ఈసారి పాత పెట్టెను ఊడదీసి, చేత్తో పట్టుకునే షాపుకు వెళ్తాను.