వారానికి 36 క్లిక్కులే: నల్లగొండలో మా పాప వెళ్లిన ఫోటోగ్రఫీ క్లాసు

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకు మూడున్నర. నేర్పే సార్‌కు ఐదుకు ఐదు ఇవ్వొచ్చు, మిగతాదంతా ఆఫీసు వాళ్లు పోగొట్టారు. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను, తిట్టాల్సినవి చాలానే ఉన్నాయి, ఊరేమో చిన్నది, రేపు కూరగాయల బండి దగ్గర ఎదురుపడతారు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో, మా పాప తొమ్మిదో తరగతిలోకి వస్తోందనగా, హైస్కూల్ పిల్లలకు డిజిటల్ ఫోటోగ్రఫీ, 8 వారాలు, 4,500 రూపాయలు అని పాంప్లెట్ వచ్చింది. ఫోన్ చేసి కెమెరా కావాలా అని అడిగితే "ఏదైనా పర్లేదు మేడం, ఫోన్ ఉన్నా చాలు" అన్నారు. సరే కదా అని పైసలు కట్టేశా. రసీదు రేపు ఇస్తామన్నారు. మొదటి రోజు పాప చేతికి ఒక కాగితం ఇచ్చి పంపారు, ఏమేం తేవాలో, ఎట్లా ఉండాలో అందులో ఉంది: ఎం మోడ్ (సెట్టింగులన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్) ఉన్న కెమెరా తప్పనిసరి, 32 జీబీ కార్డు, కార్డ్ రీడర్, పెన్ డ్రైవ్, రూళ్ల నోట్‌బుక్, ఆదివారం పొద్దున 6 గంటలకల్లా హాజరు, రెండు ఆదివారాలు రాకపోతే సర్టిఫికెట్ లేదు. ఈ కాగితం పైసలు కట్టకముందు చూపిస్తే ఏం పోయేది? మళ్లీ ఫోన్ చేస్తే "అది సార్ పెట్టిన రూలు మేడం, మాకు తెల్వదు" అన్నారు. డబ్బులు వాపస్ అడిగితే అడ్మిషన్ అయిపోయిందన్నారు.

ఇగ తప్పేదేముంది, మా ఆయన హైదరాబాద్ పోయి కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ నికాన్ డీ3200 తెచ్చారు, లెన్స్‌తో కలిపి 14,000. అది 2012 నాటి మోడల్, అయినా 24 మెగాపిక్సెల్, ఒక పిల్ల నేర్చుకోవడానికి ఎక్కువే. మీరూ సెకండ్ హ్యాండ్ కొనేటట్లయితే షట్టర్ (క్లిక్ చేసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే తెర) ఎన్నిసార్లు కొట్టిందో అడగండి, ఆ మోడల్ షట్టర్‌ను కంపెనీ లక్ష సార్లకు పరీక్షించింది, మాది 21 వేల దగ్గర ఉంది. లెన్స్‌ను వెలుతురుకు అడ్డం పెట్టి లోపల బూజు పట్టిందేమో చూడండి, బయట మెరిసిపోతూ లోపల తెల్లటి దారాలు ఉన్నవాటిని రెండింటిని మా ఆయన పక్కన పెట్టించారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ కాగితంలో సార్ అడిగినవన్నీ నిజంగా అవసరమైనవే. క్లాసులో ఒకబ్బాయి 80 వేల కెమెరా తెచ్చాడు, ఆటో మోడ్ నుంచి బయటికి రావడానికి వాడికే అందరికన్నా ఎక్కువ రోజులు పట్టింది.

ఇప్పుడు సార్ సంగతి. పెళ్లిళ్ల ఫోటోలు తీసి తీసి జుట్టు తెల్లబడ్డ మనిషి, కెమెరాలో ఫిల్మ్ రీలు వేసే కాలం నుంచి ఉన్నారు. రీలుకు 36 ఫోటోలు కాబట్టి పిల్లలకూ వారానికి 36 క్లిక్కులే. డిలీట్ చేయొద్దు. కార్డు పెట్టగానే ఫైల్ నంబర్లు చూస్తారు, 0412 తర్వాత 0414 కనబడితే "0413 ఏమైంది బిడ్డా?" అని అడుగుతారు. మా పాప మొదటి వారం మూడు చెరిపేసి దొరికిపోయింది. ఏం తిట్టలేదు, "చెడిపోయిన ఫోటోనే కదా పాఠం చెప్పేది, దాన్నే పారేస్తే ఎట్లా" అన్నారంతే. నోట్‌బుక్‌లో ప్రతి క్లిక్కుకు ఒక వరుస: టైమ్, ఎక్కడ, ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత ఎక్కువగా పట్టాలో చెప్పే అంకె), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో), షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో), చివర్లో "ఏం అనుకున్నా, ఏం వచ్చింది". ఆ నంబర్లన్నీ ఫైల్‌లోనే ఉంటాయి కదా, మళ్లీ రాయడమెందుకు అని నాకూ అనిపించింది. మూడో వారానికి అర్థమైంది, చేత్తో రాసినందుకే పాప ఇంట్లో ట్యూబ్‌లైట్ చూసి "ఇక్కడ ఐఎస్ఓ 800 పెట్టాలి" అనడం మొదలుపెట్టింది. ఆపకుండా అంటూనే ఉంది, అది వేరే బాధ.

రెండో ఆదివారం పానగల్ తీసుకెళ్లారు, ఛాయా సోమేశ్వరాలయానికి. తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు రావాలంటే నేనే వెళ్లా. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి గుడి, మూడు గర్భగుళ్లు, అందులో ఒకదాంట్లో శివలింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ పడి ఉంటుంది. పెళ్లయి ఈ ఊరు వచ్చి పదహారేళ్లు, ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో లెక్క లేదు, ఆ నీడను మాత్రం సరిగ్గా చూసింది ఆ రోజే. పూజారి గారిని అడిగి గడప బయటి నుంచే తీయమన్నారు సార్. పాప కెమెరాను ఆటో మోడ్‌లోనే ఉంచి నొక్కింది, చీకటి కదా, కెమెరా నెత్తి మీద ఫ్లాష్ దానంతట అదే లేచి టప్పున కొట్టింది. తెర మీద చూస్తే లింగం తెల్లగా, గోడ తెల్లగా. "మమ్మీ, నీడ పోయింది!" అని అరిచింది. గోడ మీద చూస్తే నీడ అక్కడే ఉంది, ఫోటోలోనే లేదు.

సార్ అందరినీ పిలిచి ఆ ఫోటోనే చూపించారు. నీడంటే వెలుతురు తక్కువ పడ్డ చోటు, నువ్వు నీ వెలుతురు తీసుకుపోయి అక్కడే పోస్తే ఇంకేం మిగుల్తుంది అన్నారు. తర్వాత ఫ్లాష్ మూసి, ఎం మోడ్‌లో ఐఎస్ఓ 1600, అపర్చర్ 3.5, షట్టర్ సెకనులో పదిహేనో వంతు పెట్టించి, స్తంభానికి భుజం ఆనించి ఊపిరి బిగబట్టి నొక్కమన్నారు. మొదటిది ఊగింది. రెండోదీ ఊగింది. మూడో దాంట్లో నీడ వచ్చింది, బూడిద రంగులో, అంచులు మెత్తగా, అచ్చం కంటికి కనబడ్డట్టే. మొత్తం కోర్సులో ఆ అరగంటకే 4,500 ఇచ్చినా నాకు బాధ లేదు.

మధ్యాహ్నం ఎండలో ఫోటోలు బాగా రావని అందరూ అంటారు, మన నల్లగొండ మే నెలలో మరీనూ. సార్ కావాలనే ఒక రోజు పన్నెండింటికి గడియారం సెంటర్‌లో నిలబెట్టి కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చూడకుండా తీయించారు: ఐఎస్ఓ 100, అపర్చర్ 16, షట్టర్ సెకనులో నూట ఇరవై ఐదో వంతు, మబ్బు లేని ఎండకు పాతకాలం లెక్క ఇదే అట. అన్నీ సరిగ్గా వచ్చాయి. పిల్లల ముఖాలు మాత్రం మాడిపోయాయి, టోపీలు తెమ్మని ఆ కాగితంలో ఒక్క ముక్క రాయాల్సింది.

నాకు బాగా నచ్చిన రూలు ఇంకోటి, అడగకుండా ఎవరి ముఖమూ తీయొద్దు. బత్తాయిలు అమ్మే ఒకామె వద్దంటే పాప కెమెరా దించేసి ఆమె తూకం రాళ్లు తీసుకొచ్చింది. సాటి పిల్లల ఫోటోలు ఇన్‌స్టాలో పెట్టొద్దని కూడా సంతకం చేయించుకున్నారు, ఆడపిల్లల తల్లిగా నాకు అది పెద్ద ధైర్యం.

మధ్యలో ఒక వారం మా అమ్మ వాళ్లింటికి మహబూబ్‌నగర్ వెళ్లాం. ఆ ఊరికి పేరొచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గరే రాజా దీన్ దయాళ్ అనే గొప్ప ఫోటోగ్రాఫర్ పనిచేశాడని, 1905లో చనిపోయాడని సార్ మొదటి క్లాసులో చెప్పారట, పాప బస్సులో నాకు చెప్పుకుంటూ వచ్చింది. హోంవర్క్ అక్కడి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి. లెన్స్‌ను అన్నిటికన్నా వెడల్పుగా కనబడే 18 ఎంఎంకు పెట్టినా ఆ చెట్టు ఫ్రేములో పట్టదు, వెనక్కి వెనక్కి నడిచి చివరికి విసిగిపోయింది. 2018లో చెదలు పట్టి సెలైన్ సీసాలతో మందెక్కించిన మర్రి అని మా అమ్మ చెప్పేసరికి చెట్టును వదిలేసి కొమ్మలకు ఆసరా పెట్టిన దిమ్మెల వెంట పడింది. ఆ 36లో నాలుగు బాగున్నాయి.

తిట్లకు వద్దాం. బ్యాచ్‌కు 12 మందే అన్నారు, 23 మందిని కూర్చోబెట్టారు. కంప్యూటర్లు రెండు. ఎడిటింగ్ క్లాసంటే ముందు వరసలో నలుగురు చూడటం, వెనక వాళ్లు ముచ్చట్లు పెట్టుకోవడం. రా ఫైల్ (కెమెరా తన మార్పులేవీ చేయకుండా దాచే ఫైల్) అంటే ఏమిటో మా పాపకు ఇప్పటికీ సగమే తెలుసు. బాత్రూమ్ కావాలంటే కింద షాపు వాళ్లను తాళం అడగాలి, పద్నాలుగేళ్ల పిల్ల ఎట్లా అడుగుతుంది? రెండోసారి నుంచి పాప నీళ్లు తాగడం మానేసి కూర్చునేది, ఇది తెలిసిన రోజు నిజంగా గొడవ పెట్టుకున్నా. తర్వాత తాళం చెవి మా ఆడపిల్లల దగ్గరే ఉంచారు.

చివర్లో ఒకే విషయం మీద పది ఫోటోలు, మ్యాక్సీ సైజు (4×6 అంగుళాల) ప్రింట్లు వేయించి గోడకు పెట్టాలి. ప్రింట్ల ఖర్చు మనదే, ఇదీ ముందు చెప్పలేదు. పాప గుమ్మాల బయట విడిచిన చెప్పులు తీసింది: గుడి, క్లినిక్, ట్యూషన్, మా ఇల్లు. సార్ నాలుగు తీసి పక్కన పెట్టారు, "అన్నీ నిలబడే తీశావు, చెప్పులు నేల మీద ఉంటాయి కదా, కూర్చో బిడ్డా" అన్నారు. మళ్లీ వెళ్లి క్లినిక్ ముందు నేల మీద బోర్లా పడుకుని తీసింది, డ్రెస్ ఉతికింది నేను.

చేర్పించాలనుకుంటే పైసలు కట్టకముందే ఆ కాగితం అడిగి తీసుకోండి, బ్యాచ్‌లో ఎంతమందో, బాత్రూమ్ ఎక్కడో వెళ్లి చూసుకోండి. ఫోన్‌తో సరిపెట్టుకుందామనుకుంటే వద్దు. పదో తరగతి పిల్లలనైతే పరీక్షలు అయ్యాకే పంపండి, నోట్‌బుక్ రాయడానికే రోజుకు అరగంట పోతుంది. నా రసీదు ఇంకా రాలేదు, మొన్న అడిగితే మళ్లీ రేపన్నారు.